డైరీలో పారిన నీళ్ళు

ఆ ఏడాది దాళ్వాలో, అంటే రెండో పంటకు, మా పంటబోదె శివారున ఉన్న చేనుకు మూడుసార్లు వంతు నీళ్ళు అందలేదు. నా డైరీ ప్రకారం మూడుసార్లూ అందాయి. రెండిట్లో ఏది నిజమో తెలియకుండా రెండు వారాలకు పైగా గడిచాయి. దాని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆలస్యమవుతున్న కొద్దీ నాకు గుర్తున్నదెంతో, డైరీలో చదివి తెలుసుకున్నదెంతో, ఇతరులు చెప్పగా నమ్మినదెంతో అంతా కలిసిపోతోంది. అందుకే ఇంక ఆగదల్చుకోలేదు.

నేను ధవళేశ్వరం కింద కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. అందులో మనసులోని మాటలేవీ ఉండవు. నీటిమట్టం ఎంత, ఏ లాకు దగ్గర తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తారు, గాలి ఎటునుంచి వీచింది, ఎవరొచ్చారు, ఏమడిగారు, అంతే. రిటైరయ్యాక నీటిమట్టం పోయి బీపీ వచ్చి చేరింది. రోజూ సాయంత్రం కాఫీ తాగాక కూర్చుని రాయడం నా పద్ధతి. రోజు గడిచాక గాని రోజు గురించి రాయకూడదని నా నియమం.

గోదావరిలో నీరు తగ్గిన ఏళ్ళలో దాళ్వా పంటకు వంతులు పెడతారు. కాలవ నుంచి చేలకు నీళ్ళు తెచ్చే మా బోదె కింద పదకొండుమంది రైతులున్నారు. బోదె సగం దారిలో ఒక సిమెంటు దిమ్మె, దాంట్లో ఒక చెక్క పలక ఉంటాయి. పలక దించితే నీళ్ళు పై చేలకు తిరుగుతాయి. ఎత్తితే కిందికి, శివారుకు పోతాయి. ఎప్పుడో ఆ పలక దగ్గరే ఇద్దరు అన్నదమ్ములు పారలతో కొట్టుకున్నారు. అప్పటినుంచి పలకకు గొలుసు వేసి తాళం పెట్టారు. తాళంచెవి సొంత పొలం లేనివాళ్ళ దగ్గరే ఉండాలని కట్టుబాటు చేసుకున్నారు. నాకు సెంటు భూమి లేదు. కాబట్టి రిటైరైన దగ్గర్నుంచి ఆ చెవి నా మొలతాడుకే ఉండేది. వంతు వేళకు గట్టుమీదికి వెళ్ళి పలక ఎత్తాలి, వేళ కాగానే దించాలి, ఆ సమయాలు రాసి ఉంచాలి. ఎవరికైనా అనుమానం వస్తే డైరీ చదివి వినిపించేవాణ్ణి. తగాదా అక్కడితో సరి.

ఆ దాళ్వాకు ముందు వేసవిలో, కరోనా రెండోసారి ఊళ్ళ మీద పడినప్పుడు మా ఇద్దరికీ సోకింది. మా ఆవిడ మూడు రోజుల జ్వరంతో బయటపడింది. నేను రాజమండ్రిలో పద్నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను. ఇంటికొచ్చిన రెండు నెలలకు ఊపిరి కుదుటపడింది. గండం గడిచిందని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. నాకు అర్థంకానివన్నీ ఆ తరవాతే మొదలయ్యాయి.

మంచం మీంచి లేచి వసారాలోకి వస్తే చాలు, గుండె పరిగెత్తినట్టు కొట్టుకునేది. గడియారం చేత్తో పట్టుకుని నాడి లెక్కపెట్టుకునేవాణ్ణి. ఒకరోజు మామూలుగా ఉండేది, మర్నాడు అదే నాలుగడుగులకు అదిరిపోయేది. ఆస్పత్రిలో వాడిన మందులకు పెరిగిన షుగర్, ఆ మందులు ఆపేసినా దిగలేదు. కిడ్నీ పరీక్ష ఒకసారి బాగుందని వచ్చేది, ఒకసారి జాగ్రత్తగా ఉండమని వచ్చేది. అరికాళ్ళలో చీమలు పాకేవి. ఊపిరితిత్తులకు వచ్చిన జబ్బుకు అరికాళ్ళతో ఏం పనో నాకు తెలియలేదు. ఒకదాని గురించి రాసుకుని, ఇది తగ్గిందని కింద గీత గీసేలోపు ఇంకొకటి బయల్దేరేది.

మాటలు కూడా తప్పిపోయేవి. ఒకరోజు మా ఆవిడతో ఏదో చెబుతూ ‘తూము’ అనే మాట దగ్గర ఆగిపోయాను. ఎన్ని వందల తూముల మీద నిలబడి ఉంటాను నేను. “అదే, కాలవలోంచి నీళ్ళు వచ్చే కన్నం” అన్నాను చివరికి.

“తూమా అండీ?” అంది మా ఆవిడ. తరవాత నా మొహం చూసి, “వయసండీ. మొన్న చింతపండు ఫ్రిజ్జులో పెట్టి ఇల్లంతా వెతకలేదూ నేను? నన్నెవరైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారా?” అంది.

ఆ మాటకు నవ్వుకున్నాం. కాని నాకు ఆ చింతపండుతో నా తూమును జత చెయ్యాలనిపించలేదు.

ఫిబ్రవరిలో వంతులు మొదలయ్యాయి. శివారున ఎకరం ముప్పావు కౌలుకు చేసే ఒకామె ఉంది. ముప్పయ్యైదేళ్ళుంటాయి. భర్త భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు, నెలకోసారి వచ్చి వెళతాడు. సేద్యమంతా ఆమెదే. ఆమె వంతు సోమవారం, శుక్రవారం, పొద్దున్న ఆరునుంచి పదకొండు దాకా. పలక దగ్గర్నుంచి ఆమె చేను మైలు దూరం ఉంటుంది. అందుకని చేలోకి నీళ్ళు దిగే తన మడవ తీసి ఉంచి, కూలికి ఎక్కడికైనా వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి చూసుకునేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

“బాబాయ్ గారూ, ఇయ్యాళ పలక ఎత్తలేదేంటండి?”

“ఎత్తానమ్మా.”

“ఎత్తితే రావాలి కదండి నీళ్ళు. చుక్క రాలేదండి.”

లోపలికి వెళ్ళి డైరీ తెచ్చి చూపించాను. ‘6.00 శివారుకు పలక ఎత్తడమైనది. 11.00 దించడమైనది.’ ఆమె చదివి, పుస్తకం తిరిగి ఇచ్చింది. “కింద గుర్రపుడెక్క పట్టేసుంటుంది, ఓసారి బోదె బాగుచేయించుకో” అన్నాను. సరేనండి అని వెళ్ళిపోయింది. సాయంత్రం గాని రాయకూడని డైరీ మధ్యాహ్నానికే రాసి ఉండటం వింతని ఆమెకు తెలియదు. తెలియాల్సిన నాకు తట్టలేదు.

ఆ తరవాత రెండు వంతులు బాగానే అందాయి. మళ్ళీ ఒక సోమవారం అందలేదు. ఈసారి ఆమె గట్టు వెంట నడుచుకుంటూ పలక దాకా వచ్చిందట. వచ్చేసరికి పదకొండు దాటింది, పలక దించి ఉంది. “దించే ఉంటుందమ్మా, నీ వంతు అయిపోయింది కదా” అన్నాను. డైరీ మళ్ళీ చూపించాను. ఆమె గుర్రపుడెక్క తీయడం మొదలుపెట్టింది. మనిషిని పెట్టుకోలేదు, తనే దిగింది. నాలుగు రోజులు తీసింది. శుక్రవారం పొద్దున్న కూడా బోదెలోనే ఉంది.

ఆ రోజూ నీళ్ళు రాలేదు. అప్పటికి వరి పొట్టమీదుంది. ఆ దశలో నీళ్ళు లేకపోతే గింజ కట్టదు. పంట సరిగా రాకపోతే భూమిగలాయన కౌలు ఇంకొకరికి మార్చేస్తాడు. అది అందరికీ తెలిసిన విషయమే. అందుకే ఆమె ఈసారి నా దగ్గరికి రాకుండా, ఆ సాయంత్రమే అందర్నీ సొసైటీ గోడౌను అరుగు దగ్గరికి రమ్మంది.

“బోదెలోనే నిలబడున్నానండి” అంది. “మోకాలి దాకా రావాల్సిన నీళ్ళు నా మడమ తడపలేదండి. పైన ఇంకా డెక్క ఉందేమోనని తీసుకుంటా తీసుకుంటా పైకొచ్చాను. ఎంత తీసినా నీళ్ళు లేవండి.”

పై చేల రైతుల్లో పెద్దాయన చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. “మొగుడేమో అక్కడ చెరువుల నిండా నీళ్ళెట్టుక్కూచున్నాడు. పెళ్ళామేమో ఇక్కడ చుక్క లేదంటది. ఇంట్లో మాట్లాడుకోవచ్చు కదమ్మా.”

అందరూ నవ్వారు. ఆమె కూడా మొహం నవ్వినట్టే పెట్టి, “ఆ చెరువుల్లో నీళ్ళు ఉప్పగా ఉంటాయండి. మీ చేలోకి తెప్పించమంటారా, ఓ వంతు?” అంది.

నన్ను చదవమన్నారు. చదివాను. మూడు రోజులవీ చదివాను. నా అక్షరాలే, నా మాటలే. చదువుతుంటే నాకు ధైర్యం వచ్చింది కూడా.

“మీ పుస్తకంలో పారాయండి నీళ్ళు” అంది ఆమె. “నా చేలో పారలేదు.”

“నలభై ఏళ్ళలో నా డైరీ ఒక్కసారి తప్పలేదమ్మా” అన్నాను. ఆ మాట కాస్త గట్టిగానే అన్నాను.

“బాబాయ్ గారి డైరీ మీద మాటంటే మరి బావుండదమ్మా” అన్నాడు పెద్దాయన. ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. పంచాయతీ అయిపోయిందని అందరూ లేచారు.

ఇంటికొచ్చి ఆ రోజు పొద్దుటిని గుర్తుచేసుకున్నాను. స్పష్టంగా గుర్తొచ్చింది. గొలుసు చల్లగా ఉంది. పలక మీద పాచికి వేళ్ళు జారాయి. ఎత్తగానే నీళ్ళు సుడి తిరిగి కిందికి పోయాయి. అవతల గట్టు మీద ఒక కొంగ ఉంది. ఇంత వివరంగా గుర్తున్నది జరగకుండా ఎలా ఉంటుంది? కాసేపటికి ఇంకో ఆలోచన వచ్చింది. ఆ కొంగ ఏ శుక్రవారంది? గట్టు మీద కొంగ లేని రోజేది?

మర్నాడు రాజమండ్రిలో డాక్టరుకు చూపించుకోవలసిన రోజు. గుండె కోసం వెళ్ళినవాణ్ణి మతి సంగతి కూడా చెప్పాను. ఆయన నాకు అయిదు మాటలు చెప్పి, కాసేపాగి అడిగాడు. నాలుగు చెప్పాను. గడియారం బొమ్మ వేయించాడు. తలకు తీసిన స్కాను చూసి, వయసుకు తగ్గట్టే ఉందన్నాడు. ఈ జబ్బు ఊపిరితిత్తులతో ఆగదనీ, గుండెనూ, మూత్రపిండాలనూ, నరాలనూ, మెదడునూ నెలల తరబడి ఇబ్బంది పెట్టడం చాలామందిలో చూస్తున్నామనీ, ఎందుకన్నది ఇంకా పూర్తిగా తెలియదనీ చెప్పాడు. బుర్రకు మంచు పట్టినట్టుంటుందని చాలామంది అంటారట.

నాకు ఆ పోలిక నప్పలేదు. మంచు పడితే, దారి కనబడటం లేదని మనిషికి తెలుస్తుంది. నాకైతే అంతా కనబడుతోంది.

“ఇది వయసు వల్లా డాక్టరు గారూ, జబ్బు వల్లా?” అన్నాను.

“మీరు కాలవల డిపార్టుమెంటు కదండీ. రెండు డ్రెయిన్లు కలిశాక ఏ నీళ్ళు ఎక్కడివో చెప్పగలరా?”

“చెప్పొచ్చండి. కలిసేచోటు కన్నా పైకెళ్ళి చూడాలి.”

ఆయన నవ్వి, “అయితే వెళ్ళి చూడండి మరి” అన్నాడు. నేను దాన్ని హాస్యంగా తీసుకోలేదు.

ఇంటికొచ్చి జబ్బుకు ముందటి దాళ్వాల డైరీలు తీశాను. ఒక పక్క అవి, ఒక పక్క కొత్తది పెట్టుకుని ఒక్కో రోజు పోల్చుకుంటూ వచ్చాను. అక్షరాల్లో తేడా లేదు. మాటల్లో తేడా లేదు. చాలాసేపు ఏమీ కనిపించలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను. అప్పుడు సమయాలు కనిపించాయి.

పాత డైరీల్లో పలక ఎత్తిన సమయాలు 6.07, 5.56, 6.14, 6.03. వానొస్తే ఇంకా ఆలస్యం. దించిన సమయాలూ అంతే. గట్టు దాకా నడిచి, తాళం తీసి, పలక ఎత్తి, అప్పుడు గడియారం చూసుకునే మనిషికి అంకె అలాగే వస్తుంది. కొత్త డైరీలో తొమ్మిది వంతులుంటే తొమ్మిదీ 6.00. తొమ్మిదీ 11.00. నా ఉద్యోగంలో కాలవ తలుపులు చూసే ఏ లస్కరైనా అలాంటి పుస్తకం తెచ్చి చూపిస్తే, నువ్వు ఇంట్లో కూర్చుని రాశావురా అని విసిరి కొట్టేవాణ్ణి.

మా ఆవిడను పిలిచి చూపించాను. ఆవిడ అంకెల వంక చూడలేదు.

“మీరు పొద్దున్నే లేచి రాసేస్తున్నారు కదండీ ఈమధ్య” అంది. “కాఫీ కూడా తాగకుండా.”

“నేనా?”

“మరెవరు? సంక్రాంతి వెళ్ళిన కాణ్ణించీ అంతే. మర్చిపోతానేమోనని ముందే రాసుకుంటున్నాను అన్నారు, నేనడిగితే.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీకు మీరు చేసేది చెప్పడమేంటండీ? పద్ధతి మార్చుకున్నారనుకున్నాను.”

అప్పటికి గాని జరిగింది నాకు అందలేదు. పొద్దున్నే, చెయ్యాల్సిన పని మరిచిపోకూడదని, అలవాటైన మాటల్లో రాసి పెట్టుకుంటున్నాను. తరవాత నడకకు బయల్దేరుతున్నాను. డాక్టరు నడవమన్నాడు. గట్టువైపు నడిచిన రోజు పలక ఎత్తుతున్నాను. రోడ్డువైపు నడిచిన రోజు ఎత్తడమూ లేదు, దించడమూ లేదు. సాయంత్రం డైరీ తీస్తే రాసే ఉంటోంది. రాసి ఉంటే జరిగినట్టే. ఇన్నేళ్ళూ డైరీ తప్పకపోబట్టే, నేను మరిచిపోయిన సంగతిని అది నా దగ్గర కూడా దాచిపెట్టింది.

ఇదంతా ఇప్పుడు వరసగా రాస్తున్నాను గాని, ఆ రోజు నాకు ఇలా తోచలేదు. ఏయే రోజులు రోడ్డువైపు నడిచానో గుర్తుచేసుకోబోయాను. తొమ్మిది పొద్దులూ నాకు ఒకేలా గుర్తున్నాయి. తొమ్మిదింటిలోనూ చల్లటి గొలుసు ఉంది, పాచి ఉంది.

మర్నాడు ఆదివారం. సోమవారం ఆమె వంతు. ఆ వంతు కూడా పోతే పంట మొత్తం పోతుంది. సాయంత్రం అందర్నీ మళ్ళీ అరుగు దగ్గరికి రమ్మన్నాను. నిలబడి చెప్పాను. నీళ్ళు పారలేదనీ, పలక నేను ఎత్తలేదనీ, డైరీ తప్పనీ, ఆమె చెప్పిందే నిజమనీ.

ఎవరూ నమ్మలేదు. దీనికి మాత్రం నేను సిద్ధపడి రాలేదు.

“బాబాయ్ గారు మరీ మెత్తనండి” అన్నాడొకాయన. “ఆడమనిషి ఏడ్చిందని తప్పు నెత్తినేసుకుంటున్నారు.”

“నేనేడవలేదండి” అంది ఆమె.

“జబ్బుపడి లేచిన మనిషి, ఏదో బెంగ పెట్టుకున్నారు” అన్నాడింకొకాయన.

పెద్దాయన మాత్రం వేరే దారి పట్టాడు. “అయితే మా వంతులు కూడా అలాగే పోయుంటాయి కదా?”

“మీకు పలక దించితే నీళ్ళు, మామా. ఎత్తడం మర్చిపోతే ఇంకా నీళ్ళు” అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వడంతో కొంత తేలికయింది. నేను పాత డైరీ ఒకటి, కొత్త డైరీ అరుగు మీద పరిచి సమయాలు చూపించాను. ఆ 6.00లు నాకు కనిపించినట్టు వాళ్ళకు కనిపించలేదు. గుండ్రంగా ఉంటే ఇంకా కచ్చితం కదండీ అన్నారు. చివరికి మొలతాడు నుంచి తాళంచెవి విప్పి అరుగు మీద పెట్టి, ఇంక ఇది నేను పట్టుకోను అన్నాను. అప్పుడు నమ్మారో, నమ్మకపోయినా ఊరుకున్నారో తెలియదు.

“ఎవరికిస్తారు మరి? పొలం లేనోళ్ళు కావాలి” అన్నాడు పెద్దాయన.

“నాకివ్వండి” అంది ఆమె. “నాకు మాత్రం ఎక్కడుందండి పొలం? కౌలుదే కదా.”

ఆమె చెవి తీసుకుని కొంగున ముడేసుకుంది.

సోమవారం నీళ్ళు అందాయి. ఆ తరవాత అన్ని వంతులూ అందాయి. పెద్దాయన వంతు కూడా నిమిషం తేడా లేకుండా ఇచ్చిందని ఆయనే చెప్పాడు, కాస్త నొచ్చుకున్నట్టు. ఎకరం ముప్పావులో చివరి అరెకరం తాలు పోయింది. మిగతాది పండింది. కౌలు మారలేదు. భూమిగలాయనకు నేను వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన నాకు మజ్జిగ ఇచ్చి, ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు. విన్నాడో లేదో తెలియలేదు.

కోతలయ్యాక డైరీ సరిదిద్దాలనిపించింది. తొమ్మిదింటిలో అబద్ధపు రోజులు మూడే. అవేవో ఆమె చెప్పడంవల్ల తెలుసు. కాని మిగతా ఆరూ నిజమని ఎలా తెలుసు? డైరీ పట్టుకుని ఆమె కళ్ళం దగ్గరికి వెళ్ళాను. ధాన్యం ఎగరబోస్తోంది. ఆపి, చేతులు దులుపుకుని గోనెసంచి మీద కూర్చుంది. నేను ఒక్కో రోజు చదువుతుంటే, అవునండి, లేదండి అని చెబుతూ వచ్చింది. తనేమీ రాసిపెట్టుకోలేదు. ఆ రోజు ఎవరి దగ్గర కూలికి వెళ్ళిందో దాన్నిబట్టి చెప్పింది.

ఒక సోమవారం దగ్గర ఆగింది. “ఆ రోజు నాకు కూలి లేదండి. మీరు ఇక్కడిదాకా వచ్చారు కదండి.”

“ఇక్కడికా?”

“ఆయ్. పలక ఎత్తి, నీళ్ళతోపాటే నడుచుకుంటా వచ్చారు. ఆ గట్టు మీద కూర్చున్నారు. నా ఫ్లాస్కులో టీ ఇచ్చాను. శానాసేపు మాట్టాడారు.”

డైరీలో ఆ రోజున 6.00, 11.00 తప్ప ఇంకేమీ లేదు. మైలు దూరం నీళ్ళ వెంట నడవడం గాని, టీ గాని నాకు గుర్తులేవు. కళ్ళు మూసుకుని చూసినా రాలేదు. జరగనిది అంత వివరంగా గుర్తుండటం ఒకటి. జరిగింది ఇంత పూర్తిగా గుర్తులేకపోవడం ఇంకొకటి. నాకు రెండోది ఇంకా పెద్దదనిపించింది. అలాంటివి ఎన్ని పోయాయో లెక్కపెట్టడానికి కూడా వీల్లేదు.

“ఏం మాట్లాడానమ్మా?” అన్నాను.

ఆమె నా వంక చూసింది. అడుగుతున్నది ఊరికే కాదని అప్పుడు తెలిసినట్టుంది. “ఆస్పత్రి సంగతులండి” అంది నెమ్మదిగా. “పక్క మంచం మీద ఒకాయన ఉండేవారంట. రోజూ మిమ్మల్ని టైమెంతయిందని అడిగేవారంట. మీరు చెప్పేవారంట. ఓ రోజు అడగలేదంట.”

నేను ఆ మనిషిని గుర్తుచేసుకోబోయాను. ఇప్పుడు ఆయన నాకు గుర్తున్నాడు. ఆమె చెప్పకముందు ఉన్నాడో లేదో చెప్పలేను.

ఆ సోమవారం పేజీలో సగం ఖాళీగా ఉంది. పెన్ను తీసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. గట్టు, టీ, పక్క మంచం మనిషి, టైము అడగడం. కింద ‘శివారు రైతు చెప్పగా రాసుకున్నది’ అని రాసి, రాసిన రోజు తేదీ వేసి, పుస్తకం ఆమెకు చూపించాను. ఆమె వేలు పెట్టి మెల్లగా చదివింది.

“టీ కాదండి, కాఫీ” అంది. కొట్టేసి కాఫీ అని రాశాను.